కథోలిక విచారణలో పెళ్లి సన్నాహక తరగతులు: పాఠం మేలైనది, రిపోర్టు అడగడం తగనిది

మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, జ్ఞానవివాహం (చర్చిలో జరిగే పెళ్లి) కావాలంటే, చాటింపులు (ఫలానా వారి పెళ్లి జరగబోతోందని చర్చిలో ముందుగా చేసే ప్రకటనలు) మొదలు కాకముందే వధూవరులిద్దరూ మూడు రోజుల సన్నాహక తరగతులకు హాజరు కావాలి. నిరుడు వేసవిలో నేనూ, మా వారూ వెళ్లాం. మొదటి రెండు రోజులు ప్రార్థన, ఇంటి ఖర్చు, అత్తమామలతో మెలగడం వంటి తెలిసిన సంగతులతో గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం నర్సుగా పనిచేసే ఒక సిస్టర్ గారు సుఖవ్యాధుల నివారణ గురించి రెండు గంటలు చెప్పారు. ఆ పాఠం కోసమైనా ఈ తరగతులకు వెళ్లమంటాను.

ఆమె బల్ల మీద ఖాళీ బిస్కెట్ డబ్బా పెట్టి, ప్రశ్నలను పేరు లేని చీటీల మీద రాసి అందులో వేయమన్నారు. "పెళ్లికి ముందు పరీక్ష చేయించుకోమంటే అనుమానించినట్టు కాదా, సిస్టర్?" అని ఒక చీటీలో ఉంది. బలిపీఠం ముందు చేసే ప్రమాణం రాబోయే రోజులకు సంబంధించినదనీ, హెచ్ఐవీ గానీ హెపటైటిస్ బి గానీ పుట్టుకతోనో, కలుషితమైన సూది వల్లనో ఏనాడో సోకి ఉండవచ్చనీ, సిఫిలిస్ ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి ఒంట్లో ఉండగలదనీ, అందుకే నమ్మకం ఎంత ఉన్నా పరీక్ష అవసరం తీరిపోదనీ ఆమె చెప్పారు. సిఫిలిస్ పెన్సిలిన్‌తో నయమవుతుందనీ, హెపటైటిస్ బికి టీకా ఉందనీ, హెచ్ఐవీ ఉన్న తల్లి మందులు క్రమం తప్పకుండా వాడితే బిడ్డకు చాలావరకు సోకదనీ విన్నాక గదిలో అందరి ముఖాలూ తేటపడ్డాయి.

కండోమ్ అన్న మాట మాత్రం ఒక్కసారీ వినపడలేదు. కృత్రిమ గర్భనిరోధం తగదని 1968లో పోపు ఆరవ పౌలు గారు స్పష్టం చేసిన మాట నిజమే. అయితే వ్యాధి సోకకుండా చూడాలన్న ఉద్దేశంతో కొన్ని సందర్భాల్లో కండోమ్ వాడటం బాధ్యత వైపు తొలి అడుగు కావచ్చని 2010లో పోపు 16వ బెనెడిక్ట్ గారే అన్నారు. దంపతుల్లో ఒకరికే హెచ్ఐవీ ఉన్న ఇళ్లలో ఈ మౌనం ప్రమాదకరం.

ఇంతకంటే నన్ను బాధపెట్టింది విచారణ ఆఫీసు పద్ధతి. ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో (హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో) పరీక్ష ఉచితం, కౌన్సెలింగ్ కూడా గోప్యంగానే జరిగింది. తీరా ఆ రిపోర్టు నకళ్లు విచారణ ఫైలులో పెట్టాలని గుమాస్తా గారు పట్టుబట్టారు. 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, కోర్టు ఆదేశం లేకుండా హెచ్ఐవీ స్థితిని వెల్లడించమని ఎవరినీ బలవంతం చేయకూడదు. ఈ సంగతి విన్నవించుకున్నాక ఫాదర్ గారు కాసేపు ఆలోచించి, ఒకరి రిపోర్టు ఒకరం చూసుకున్నామని మేమిద్దరం రాసి సంతకం చేసిన కాగితం చాలన్నారు. ఆ వచ్చే ఆదివారం దివ్యపూజలో మా మొదటి చాటింపు వినిపించింది.