మగవాళ్ల ఎముకలు గుల్లబారితే: జన్యు పరీక్షా, డెక్సానా, మేనమామనా?

మా పెదనాన్న స్నానాలగదిలో తువ్వాలు అందుకోబోయి జారిపడ్డారు. పడింది నిలుచున్న ఎత్తు నుంచే, కానీ తుంటి విరిగింది. ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బనుకునే ఇల్లు మాది. తుంటి విరిగాక ఏడాదిలోపు ప్రాణం పోయే ముప్పు ఆడవాళ్లకంటే మగవాళ్లకే ఎక్కువని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆయన కొడుక్కి, అంటే మా అన్నయ్యకి, 56 ఏళ్లు. ఉమ్మి పంపి జన్యు పరీక్ష చేయించుకోనా, ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌కి వెళ్లనా అని అడిగాడు. డెక్సాకే వెళ్లమన్నాను.

జన్యువులదే పెద్ద వాటా కదా అంటాడు. నిజమే. ఎముక సాంద్రతలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సగానికి పైగా వంశం నుంచి వచ్చేదేనని కవలల మీద చేసిన పరిశోధనలు చెబుతాయి. కానీ అది ఒక్క జన్యువులో లేదు. లక్షలమంది ఆరోగ్య వివరాలు, జన్యువులు దాచిన బ్రిటన్ భాండారం యూకే బయోబ్యాంక్‌లో 4 లక్షల మందికి పైగా మడమ ఎముక కొలతలు చూస్తే, ఎముక సాంద్రతతో ముడిపడ్డ చోట్లు 2019 నాటికి జన్యుపటంలో 518 తేలాయి. అన్నీ కలిపినా తేడాలో ఐదో వంతుకే లెక్క దొరికింది. పైగా ఆ కొలతలిచ్చినవాళ్లు తెల్లవాళ్లు. ఆ తూకంరాళ్లతో మన ఎముకలు తూచడం నాకైతే నచ్చదు.

డెక్సా ఈ గొడవలోకి పోదు. జన్యువులు, బీడీలు, ఏళ్లతరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలు, తగ్గిన టెస్టోస్టెరాన్, అన్నీ కలిసి ఎముకని ఈరోజు ఏ స్థితికి తెచ్చాయో కొలుస్తుంది. పావుగంట బల్లమీద పడుకుంటే చాలు. వెండి మొలతాడు మాత్రం తీసెయ్యాలి, లేకపోతే లోహం అడ్డొచ్చి అంకె తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుల ఎముకతో పోల్చి చెప్పే అంకె టి-స్కోరు. అది −2.5 గానీ, అంతకంటే కింద గానీ ఉంటే ఎముక గుల్లబారినట్టే. ఇందులోనూ ఒక మోసం ఉంది: వయసు మళ్లినవాళ్ల వెన్నులో అరుగుదలతో పెరిగిన ఎముక మొనలు స్కోరుని బాగున్నట్టు చూపిస్తాయి. అందుకే తుంటి అంకె కూడా చూడాలి.

ఇక పైసా ఖర్చులేనిది, ఇంట్లో అడగడం. ఎముక విరిగే ముప్పు ఎంతో అంచనా వెయ్యడానికి డాక్టర్లు వాడే ఫ్రాక్స్ లెక్కలో అమ్మానాన్నల్లో ఎవరికైనా తుంటి విరిగిందా అనే ప్రశ్న ఉంటుంది. మేనమామ ఊసుండదు.

నన్నడిగితే కొన్ని ఇళ్లలో ఆయన్నే ముందు అడగాలి. పిఎల్‌ఎస్3 అనే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లాడికి అది అమ్మనుంచే వస్తుంది. అందులో లోపముంటే చిన్నవయసులోనే ఎముకలు మళ్లీమళ్లీ విరుగుతాయని 2013లో తేలింది. అదే లోపమున్న ఆడవాళ్లలో చాలామందికి జబ్బు అంతగా బయటపడదు. అమ్మలో దాగిన లోపం ఆమె అన్నదమ్ముల్లో కనిపించొచ్చు. కాబట్టి పిల్లాడికో, పాతికేళ్ల కుర్రాడికో చిన్న దెబ్బకే ఎముకలు విరుగుతుంటే, మేనమామదీ అదే కథైతే, అప్పుడు జన్యు పరీక్షకి పెట్టిన డబ్బు దండగ కాదు.

అన్నయ్య సంగతి అది కాదు. వాళ్ల మేనమామకి ఎనభై. కొబ్బరిచెట్టు ఎక్కనివ్వట్లేదని ఇప్పటికీ అలుగుతాడు.