శివారు ఊళ్ళో టీడీఎస్ మీటర్: కొనుక్కోండి, కానీ అది చెప్పేదల్లా నమ్మకండి

నీళ్ళలో కరిగిన ఉప్పు ఎంతుందో చూపించే, పెన్నులా ఉండే టీడీఎస్ మీటర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, 300 రూపాయల లోపే పడింది. కంపెనీ పేరు రాయట్లేదు, ఆ రేటులో దొరికేవన్నీ దాదాపు ఒకటే సరుకు, పైన స్టిక్కరే తేడా. మాది బందరు వైపు, కృష్ణా డెల్టాలో కాలువ చిట్టచివరన ఉండే శివారు ఊరు. కాలువ వచ్చినప్పుడు మంచినీళ్ళ చెరువు నింపుకుంటాం, అక్కడ్నుంచి ఫిల్టర్ బెడ్డు, ట్యాంకు, కుళాయి. బోరు వేస్తే ఉప్పు నీళ్ళే. ఇవేవీ వద్దనుకుంటే వాటర్ ప్లాంటు టిన్ను.

ముందు బాగున్న సంగతి చెప్తా. కాలువ పారే రోజుల్లో మా కుళాయి నీళ్ళకి 350 పీపీఎమ్ (అంటే లీటరుకి దాదాపు అన్ని మిల్లీగ్రాములు) అటూ ఇటుగా చూపిస్తుంది, కాలువ కట్టేశాక చెరువు అడుక్కి పోయే కొద్దీ 500 దాటి, మే నెలకల్లా 800 దగ్గరకి వెళ్ళిపోతుంది. ఎండకి నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు కదా. దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్ వాళ్ళ లెక్కలో తాగే నీళ్ళకి 500 మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా పర్లేదు. మా అమ్మకి మాత్రం మీటర్ అక్కర్లేదు, కందిపప్పు ఎంతకీ ఉడక్కపోతే నీళ్ళు మారాయని చెప్పేస్తుంది. అయినా ఒక నంబర్ రాసిపెట్టుకుంటే పోయిన వేసవికీ ఈ వేసవికీ తేడా కనిపిస్తుంది, పంచాయతీలో అడగడానికి కూడా "నీళ్ళు బాలేదండీ" అనడం కంటే పనికొస్తుంది.

ఆ నంబర్ దిగాలంటే పైనుంచి నీళ్ళు రావాలి, అదేమో మా చేతిలో లేదు. మహాబలేశ్వర్‌లో పుట్టిన కృష్ణా నది మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ దాటుకుని వస్తుంది, నీళ్ళు పంచడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో 2060 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) పంచితే మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 800 వచ్చాయి, అందులో కృష్ణా డెల్టాది 181.2. 2014లో రాష్ట్రం విడిపోయాక మధ్యలో నీళ్ళ వాడకం చూసే కృష్ణా బోర్డు ఒకటి వచ్చింది. ప్రకాశం బ్యారేజీలో ఆగేది 3 టీఎంసీలే, కాబట్టి పైనున్న నాగార్జున సాగర్ నుంచో పులిచింతల నుంచో వదిలితే తప్ప కాలువకి నీళ్ళుండవు. ఇప్పుడు పట్టిసీమ ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్ళు కూడా కలుస్తున్నాయి, తాగేది ఏ నది నీళ్ళో మీటర్‌కి తెలీదు, మాకూ తెలీదు. రాష్ట్రాల కొట్లాటంతా ఎన్ని టీఎంసీలు అన్న దాని మీదే, దారిలో ఊళ్ళ మురుగు, పొలాల్లోంచి దిగే మందులు, రొయ్యల చెరువుల నీళ్ళు కలిసి శివారుకి చేరేసరికి ఎలా ఉంటున్నాయో పేపర్లో వచ్చేది తక్కువ.

ఈ మీటర్ బోల్తా పడేది కూడా ఇక్కడే. వేసవిలో చెరువులు నింపుకోమని కాలువ వదిలినప్పుడు మొదట వచ్చే నీళ్ళుంటాయే, ఎండిపోయిన కాలువలో పడున్న చెత్తంతా తోసుకుంటూ నల్లగా వస్తాయి, దగ్గరికెళ్తే వాసన. ఆ నీళ్ళలో ముంచితే 400 చూపించింది! చెరువులో తేటగా ఉన్న నీళ్ళకేమో 780. అంటే దీని ప్రకారం ఆ మురికి నీళ్ళే మంచివి. నిజానికి అది చేసే పని ఒక్కటే, నీళ్ళలోంచి కరెంటు ఎంత పోతుందో చూసి దాన్ని లెక్కగట్టి కరిగిన ఉప్పు ఇంత అని చెప్పడం. బ్యాక్టీరియా, పురుగుమందు, ఫ్లోరైడ్ ఎక్కువుందా లేదా, ఇవేవీ దానికి తెలీవు. బ్యాక్టీరియా సంగతి చూడాలంటే గ్రామాలకిచ్చే టెస్ట్ కిట్‌లో చిన్న సీసా ఉంటుంది, నీళ్ళు పోసి ఒకట్రెండు రోజులు ఉంచితే నల్లగా మారిందంటే తేడా ఉన్నట్టే.

ఇంకో తలనొప్పి డిస్‌ప్లే. 999 దాటితే చివరి అంకె తీసేసి మూలన చిన్నగా ×10 అని వేస్తుంది. మా బాబాయ్ వాళ్ళ బోరులో 223 వచ్చిందని పొంగిపోయి "కాలువ నీళ్ళ కంటే మా బోరే నయం రా" అని ఊరంతా చెప్పేశాడు, తీరా నేను వెళ్ళి చూస్తే మూలన ×10 ఉంది, అంటే 2230. "ఇంత చిన్నగా రాస్తే ఎవడికి కనపడుద్ది" అన్నాడు, అదీ నిజమే.

ప్లాంటు వాళ్ళకి మాత్రం ఇది బాగా కలిసొచ్చింది. టిన్ను నీళ్ళలో ముంచి 30 చూపించి "చూశారా ఎంత ప్యూరో" అంటాడు. ఆర్‌ఓ ఫిల్టర్‌లో ఉప్పు తీసేస్తే 30 వస్తుందండీ, ఆ టిన్ను లోపల ఎప్పుడు కడిగావు అన్నది కదా ప్రశ్న. మా వీధి ప్లాంటు టిన్నులో అడుగున పాచి కనిపిస్తోంది, అందులోనూ మీటర్ 30 దగ్గరే. పైగా ప్యాకేజ్డ్ నీళ్ళకే 75 నుంచి 500 మధ్య ఉండాలని ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్, మరీ 30 అంటే గొప్పేం కాదు.

కొనేవాళ్ళు మీటర్ సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూసుకోవడానికి 342 పీపీఎమ్ సొల్యూషన్ కూడా ఒక ప్యాకెట్ తెప్పించుకోండి, నాది కొత్తలోనే 40 ఎక్కువ చూపించింది, వెనకున్న స్క్రూ కొంచెం తిప్పితే సరిపోయింది. ముంచాక గాలి బుడగలు పోయేలా కదిపి, అంకె నిలబడ్డాక చూడండి, ఉడుకు నీళ్ళలో పెట్టకండి. వాడాక పిన్నులు తుడవకపోతే మావైపు నీళ్ళకి తెల్లగా పొర కట్టేస్తుంది. ఉప్పు చూసుకోవడానికైతే 5కి 4 ఇస్తా, తాగొచ్చా లేదా తేల్చుకోవడానికి కొంటున్నారంటే 1.