గర్భాశయ ముఖద్వార పరీక్ష: ఆసుపత్రిలోనా, ఇంట్లో కిట్‌తోనా?

మన దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పును ముందే పసిగట్టే ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అందుకే ఏది మేలు అన్న ప్రశ్నను మిగిలిన తొంభై ఎనిమిది మంది వైపు నిలబడి అడగాలి.

ఆసుపత్రి పరీక్షకు విలువ లేదని అనను. ముఖద్వారానికి పలచని ఆసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూస్తారు. ఖర్చు తక్కువ, ఫలితం నిమిషాల్లో తెలుస్తుంది, సదుపాయం ఉన్నచోట చికిత్స కూడా ఆనాడే చేయవచ్చు. కిట్‌తో ఇది కుదరదు. కానీ చూసేవారి నేర్పును బట్టి ఫలితం మారుతుంది. పైగా ఒక పూట కూలి వదులుకుని, బస్సెక్కి, ఇంట్లో నచ్చజెప్పి, కొత్తవారి ముందు బల్ల మీద పడుకోవాలి. ఏ బాధా లేని మనిషి ఇంత దూరం ఎందుకు వస్తుంది?

కిట్‌లో ఒక మెత్తని బ్రష్ లేదా దూది పుల్ల, ఒక గొట్టం ఉంటాయి. యోనిలో కొద్దిగా లోపలికి పెట్టి తిప్పి, గొట్టంలో వేసి ఇస్తే చాలు. ముఖద్వారం దాకా వెళ్లనక్కరలేదు. ప్రయోగశాలలో ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ కోసం వెతుకుతారు. ‘నేను సరిగా తీశానా?’ అన్న భయం అందరికీ ఉంటుంది. వైరస్ జన్యు పదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి చూసే పీసీఆర్ పద్ధతిలో పరీక్షిస్తే, డాక్టర్ తీసిన నమూనాకు ఇది దాదాపు సాటి వస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసినవారు తేల్చారు. కొన్ని ఇతర పద్ధతుల్లో అంత నమ్మకం లేదు కాబట్టి, ఏ పద్ధతి అని తప్పక అడగాలి. తెలుగు పల్లె మహిళలకూ ఇది కొత్త కాదు. మేడ్చల్ ప్రాంతంలో ఇలా స్వయంగా తీసుకున్న నమూనాలపై చేసిన అధ్యయనం 2009లోనే వెలువడింది.

అయితే కిట్ ఎలా చేరుతుందన్నదే అసలు సంగతి. ‘కావాలంటే అడగండి, పంపిస్తాం’ అంటే అడిగేవారు కొద్దిమందే. పోస్టులో నేరుగా పంపితే స్పందన పెరుగుతుంది. చేతికే ఇస్తే ఏమవుతుందో అర్జెంటీనాలోని హుహుయ్ రాష్ట్రంలో 2012లో చూశారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్లి కిట్ ఇచ్చినచోట 86 శాతం మంది పరీక్ష చేయించుకున్నారు. ఆసుపత్రికి వెళ్లమని మాత్రమే చెప్పినచోట 20 శాతం. మన ఆశా కార్యకర్త ఇప్పటికే ప్రతి గడపా తొక్కుతోంది. ఆమె చేతి సంచిలో ఈ కిట్ ఉండాలన్నదే నా పక్షం.

రెండు షరతులున్నాయి. రెండు నెలసరుల మధ్య రోజుల్లో, కలయిక తర్వాత, లేదా ముట్లుడిగాక రక్తం కనిపిస్తే కిట్ వద్దు, తిన్నగా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. రెండోది, వైరస్ ఉందంటే క్యాన్సర్ ఉన్నట్లు కాదు గాని తదుపరి పరీక్ష తప్పనిసరి. అప్పుడు ఆసుపత్రి బల్ల తప్పదు. ఏ తేదీన, ఎక్కడికి, ఎవరి తోడుతో వెళ్లాలో ఫలితం చెప్పే మనిషే చెప్పగలగాలి. ఆ ఏర్పాటు చేయకుండా కిట్లు పంచితే ఆ మహిళ చేతిలో మిగిలేది భయమే.