పూడిక తీయాలా, ఇంకో బోరు వేయాలా?

వేసవి వస్తే మెట్ట ఊళ్లలో ఇదే చర్చ. చేతిలో ఉన్న డబ్బుతో సొంతంగా బోరు వేసుకోవాలా, నలుగురితో కలిసి చెరువు పూడిక తీయించాలా?

ఖర్చు: బోరుకు అడుగుల లెక్కన కట్టాలి, ఆపై కేసింగ్ (బోరు గోడలు కూలకుండా దింపే పైపు), మోటారు, కేబుల్. నీళ్లు పడకపోయినా తవ్విన డబ్బు తిరిగి రాదు. పూడికకు జేసీబీ, ట్రాక్టర్ల అద్దె పదిమంది పంచుకోవచ్చు. ఆ ఒండ్రు పొలానికి తోలుకుంటే నేల బాగుపడుతుంది, ఎరువుల ఖర్చూ తగ్గుతుంది.

శ్రమ: బోరు పని త్వరగా తేలిపోతుంది. చెరువుకు అనుమతి తీసుకోవాలి, అందరినీ ఒప్పించాలి. అసలు కష్టం ఇదే.

రిస్క్: తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల కింద గట్టి రాయి. నీళ్లు దాని పగుళ్లలోనే ఉంటాయి. పక్క రైతు ఇంకా లోతుకు వెళ్తే మన బోరు ఎండిపోవచ్చు. చెరువుకు వానలు లేకపోతే టెన్షనే. కానీ నిండిన ఏడాది చుట్టుపక్కల బావులు, బోర్లు కూడా ఊరతాయి. కాకతీయుల నాటి రామప్ప, పాకాల చెరువులు నేటికీ పొలాలు తడుపుతున్నాయి. అది చూస్తే నాకు ఎంతో గర్వం. 2015లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ ఎంచుకున్నదీ పాత చెరువుల బాగునే. అయితే చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువలు ఆక్రమణలో ఉంటే పూడిక తీసి లాభం లేదు. ముందు వాటిని విడిపించాలి.

పండ్ల తోట ఎండిపోతూ, దగ్గర్లో చెరువు లేకపోతే భూగర్భజల సర్వే చేయించి బోరు వేయండి. పొలం ఆయకట్టులోనో, చెరువుకు దగ్గర్లోనో ఉంటే పూడికే మేలు.