కరెంటు బిల్లు తగ్గుతుందని పాత గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారా? ముందు నా 9,500 ఎట్లా పోయిందో చదవండి

నిన్న రాత్రి పాత కంప్యూటర్ సామాన్ల ప్రకటనలు చూస్తుంటే, నేను రిపేరుకని తిప్పి పంపిన గ్రాఫిక్స్ కార్డే (కంప్యూటర్‌లో గేమ్ బొమ్మలను తెర మీద గీసే భాగం) మళ్ళీ అమ్మకానికి కనిపించింది. కింద అదే పాత మాట: "లో పవర్ కార్డు, కరెంటు బిల్లు సగం". అందుకే ఇది రాస్తున్నా. అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి బెంగళూరు పాత కార్డులు బస్సు పార్శిల్‌లో తెప్పించుకునేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. షాపు పేరు మాత్రం రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

మే నెలలో మాకు 412 యూనిట్లు కాలింది. సర్దుబాటు చార్జీలు అవీ ఇవీ కలిపి బిల్లు 3 వేలు దాటింది. రోజూ రాత్రి మూడు గంటలు గేమ్ ఆడతాను కాబట్టి ఇంట్లో నేరం నేరుగా నా కంప్యూటర్ మీద పడింది. ఏసీ సంగతి ఎవరూ ఎత్తలేదు, అనంతపురం ఎండల్లో నేనూ ఎత్తలేదు.

నా దగ్గరున్నది 2018లో కొన్న ఆర్ఎక్స్ 580 అనే కార్డు. కంపెనీ లెక్క ప్రకారం 185 వాట్లు. బెంగళూరులో పాత కార్డులు అమ్మే ఒకతనికి ఫోన్ చేస్తే, మన వైపు యాసలోనే చాలా నమ్మకంగా చెప్పాడు. "అన్నా, నీ కార్డు 185 వాట్లు తాగుతాది, 1660 సూపర్ అయితే 125కే సరిపెట్టుకుంటాది. 400 యూనిట్లు దాటితే మొత్తం యూనిట్లకూ పై రేటే పడుతుంది కదా, ఈ కార్డు వేస్తే నువ్వు ఆ గీత కిందికి దిగిపోతావు, బిల్లు సగం." వాట్ల లెక్క నిజమే. ఆ నిజం వెనకాలే అబద్ధం కూడా లోపలికి వచ్చేసింది, నేను గమనించలేదు. 9,500 యూపీఐలో పంపాను, పార్శిల్‌కి ఇంకో 250. బిల్లు అడిగితే "పాత సరుక్కి బిల్లేందన్నా" అన్నాడు. అప్పుడే ఆగాల్సింది.

ముందు స్లాబుల సంగతి. మన రాష్ట్రంలో వాడకాన్ని బట్టి ఇళ్ళను గ్రూపులుగా విడదీసే పద్ధతి 2022 ఏప్రిల్‌లో పోయింది. ఇప్పుడు ఎంత వాడినా మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పునే, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన వాటికి మాత్రమే 9.75. అంటే 412 కాలిస్తే 9.75 పడేది ఆ చివరి 12 యూనిట్లకే. గీత దాటితే మొత్తం మునిగిపోతుందన్నది పాత భయం, అతను దాన్నే నాకు అమ్మాడు.

ఇక వాట్లు. ప్లగ్గుకు తగిలించే చిన్న వాట్ మీటరు ఒకటి తెప్పించుకున్నాను, ఈ మొత్తం కథలో దండగ కాని ఖర్చు అదొక్కటే. ఆర్ఎక్స్ 580తో గేమ్ ఆడేటప్పుడు సిస్టమ్ అంతా కలిపి 290 వాట్ల దగ్గర ఉండేది, 1660 సూపర్ వేశాక 225కి వచ్చింది. 65 వాట్లు తగ్గింది కదా అని సంబరపడి, తర్వాత కాగితం తీసి లెక్క వేశాను. రోజుకు మూడు గంటలు, నెలకు 90 గంటలు, 65 వాట్లు. అంతా కలిపి 5.85 యూనిట్లు. అన్నింటికీ పై రేటు 9.75 వేసుకున్నా 57 రూపాయలు. నెలకు 57 చొప్పున 9,500 తిరిగి రావాలంటే దాదాపు పద్నాలుగేళ్ళు, రాముడు అడవికి వెళ్ళి వచ్చేస్తాడు. అదీ ఏడాది పొడవునా మే నెల లాగే 400 దాటి కాలిస్తేనే. మా ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రి ఎనిమిది గంటలు ఆడితే గంటకు యూనిట్ చొప్పున చూసినా నెలకు 240 యూనిట్లు, దాని పక్కన ఈ ఆరు యూనిట్లు ఎక్కడ కనిపిస్తాయి?

కార్డు పద్నాలుగేళ్ళు కాదు, పందొమ్మిది రోజులు బతికింది. మొదటి వారమే ఒక ఫ్యాను కరకరమని మోగింది. తర్వాత గేమ్ మధ్యలో తెర మీద రంగు రంగుల గళ్ళు, ఆ తర్వాత నల్ల తెర. టవర్ క్లాక్ దగ్గర తెలిసిన రిపేరు అబ్బాయి దగ్గరికి తీసుకెళ్తే కూలర్ ఊడదీసి చూపించాడు. మెమరీ చిప్పుల మీద వేడిని లాగడానికి పెట్టే థర్మల్ ప్యాడ్ల నుంచి నూనె కారి బోర్డంతా జిడ్డు, వెనక వైపు మెమరీ ఉన్నచోట బోర్డు రంగు మారి గోధుమ రంగుకు వచ్చింది. "ఇది మైనింగ్‌లో ఆడిన కార్డన్నా" అన్నాడు. మైనింగ్ అంటే కార్డుతో ఆగకుండా లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించడం. 1660 సూపర్ ఈథీరియం అనే డిజిటల్ నాణెం మైనింగ్ వాళ్ళకు బాగా ఇష్టమైన కార్డు. 2022 సెప్టెంబరులో ఈథీరియం ఆ పద్ధతే వదిలేసింది, దాంతో రాత్రీ పగలూ ఆగకుండా తిరిగిన కార్డులన్నీ సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చిపడ్డాయి. మైనింగ్ కార్డులన్నీ చెడిపోయినవని నేను అనను, బాగా చూసుకున్నవి నడుస్తున్నాయి కూడా, కానీ సంగతి చెప్పి అమ్మాలి కదా.

ఫోన్ చేస్తే అతను ఏమన్నాడో తెలుసా? "మీ ఊరి ఎండకు పోయింటాదన్నా." ఏసీ గదిలో ఉన్న కార్డుకు ఎండ దెబ్బంట. టెస్టింగ్ వారెంటీ ఏడు రోజులేనని, అయినా నా మొహం చూసి రిపేరు చేయిస్తానని పంపమన్నాడు. పంపాను, అది రెండో తెలివితక్కువ పని. నెల రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, నా దగ్గర చూపించడానికి ఉన్నది యూపీఐ స్క్రీన్‌షాట్, పార్శిల్ రసీదు మాత్రమే.

పాత కార్డు ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వొద్దని మా బామ్మర్ది పట్టుబట్టాడు, ఆ పుణ్యాన ఆర్ఎక్స్ 580 ఇంట్లోనే ఉంది. దాన్నే మళ్ళీ పెట్టుకున్నాను. నాది 60 హెర్ట్జ్ మానిటర్, అది సెకనుకు 60 ఫ్రేములకన్నా చూపించలేదు, కార్డేమో 130, 140 గీసి పారేస్తోంది. డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేములకు 60 దగ్గర హద్దు పెట్టి, వోల్టేజీ కొంచెం తగ్గించి ఆడితే వాట్ మీటరు 215 చూపించింది. చదివారా? కొన్న కార్డుకన్నా పది వాట్లు తక్కువ, పైసా ఖర్చు లేకుండా! వోల్టేజీ మాత్రం కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ ఒక్కోసారి అరగంట ఆడి చూడాలి, మరీ తగ్గిస్తే గేమ్ ఆగిపోతుంది. 1660 సూపర్ లాంటి ఎన్విడియా కంపెనీ కార్డున్నవాళ్ళు ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ దించుకోవచ్చు.

కొత్తదే కొనుక్కో, 4060 అయితే 115 వాట్లే అని కొందరు అంటారు. గేమ్ బాగా ఆడాలని కొంటే సంతోషంగా కొనండి. కరెంటు కోసం అయితే మాత్రం ఆ 70 వాట్ల తేడాకు పాతిక ముప్పై వేలు పెట్టకండి. ఇంట్లో 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటారు) ఫ్యాన్ బిగిస్తే, రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఫ్యాను గురించి ఇంట్లో గొడవ కూడా ఉండదు.

పాతదే కొనాలంటే చేత్తో పట్టుకొని చూసి, మీ కళ్ళ ముందు అరగంట గేమ్ ఆడించి కొనండి. నాకు పంపింది రెండు నిమిషాల డెస్క్‌టాప్ వీడియో, డెస్క్‌టాప్ మీద సగం చచ్చిన కార్డు కూడా చక్కగానే ఉంటుంది. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ కూడా నడిపించండి. పాత చిప్పుకు కొత్త పేరు అంటించిన కార్డులను చాలావరకు పట్టేస్తుంది, కానీ నాది అసలైన 1660 సూపరే, అరుగుదలను అది చూపించదు.

ఇక ఆ కార్డు గుర్తులు. రెండు ఫ్యాన్ల మోడల్, ఎడమ ఫ్యాను రెక్క మీద తెల్లటి గీత. సీరియల్ స్టిక్కర్ సగం చింపేసి ఉంటుంది. వెనక ఒక స్క్రూ లేదు, ఆ పక్కనే ఎర్ర మార్కర్‌తో చుక్క ఉంటుంది, మా రిపేరు అబ్బాయి పెట్టింది. నిన్న రాత్రి ఫొటోలో ఆ చుక్క కూడా అట్లాగే ఉంది. ఈసారి ధర 8,800 పెట్టాడు.