ఎక్స్‌పల్స్ మీద పాడేరు కొండలు: ఏ దారి బాగుంది, ఎక్కడ ఉండాలి

మట్టి దారుల్లో బండి తోలాలని సరదా ఉండి, దానికోసం లక్షలు లక్షలు పోసే ఉద్దేశం లేనివాళ్లకి వైజాగ్ నుంచి పాడేరు ఏజెన్సీ వైపు వెళ్లడం కంటే మంచి ట్రిప్ నాకైతే కనపడలేదు. నాది హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ బైక్. బరువు 160 కిలోల లోపే, గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) 220 మిల్లీమీటర్లు, ముందు చక్రం 21 అంగుళాలు. హైవే మీద తొంభై దాటితే ఇంజిన్ కష్టపడుతోందని తెలిసిపోతుంది, అక్కడ దీని నుంచి ఎక్కువ ఆశించొద్దు. కానీ రాళ్ల మధ్య పక్కకి ఒరిగిపోయినా ఒక్కడినే లేపి నిలబెట్టుకోగలను, ఆ ధైర్యంతోనే కొత్త దారి కనపడగానే తిప్పాలనిపిస్తుంది.

చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు సుమారు 110 కిలోమీటర్లు. మాడుగులలో హల్వా కొనుక్కోండి, చలికి కొండ మీద తింటే ఇంకా బాగుంటుంది. ఘాట్‌లో ఆర్టీసీ బస్సులు మలుపు తిరిగేటప్పుడు రోడ్డంతా వాటికే కావాలి కాబట్టి హారన్ కొడుతూ ఎడమ పక్కనే ఉండాలి.

వంజంగి కొండ పాడేరుకి దగ్గరే. మేఘాల సముద్రం చూడ్డానికి సీజన్‌లో శని, ఆదివారాలు తెల్లవారకముందే కార్లు బారులు తీరతాయి, సన్నని దారిలో కారుకి కారు ఎదురైతే ఇక కదలదు, బైక్ ఉన్నవాళ్లు మాత్రం పక్కనుంచి వెళ్లిపోవచ్చు. బండ్లు ఆపే చోటు నుంచి పైకి నడకే. చీకట్లో, మంచుకి తడిసిన ఎర్రమట్టి మీద బ్రేక్ గట్టిగా నొక్కకండి. నా మోడల్‌లో ఏబీఎస్‌కి (బ్రేక్ గట్టిగా పడినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) రోడ్, ఆఫ్‌రోడ్, ర్యాలీ అని మూడు మోడ్‌లున్నాయి, దిగేటప్పుడు ఆఫ్‌రోడ్‌లో పెట్టి, మొదటి గేర్‌లో, ఇంజిన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే బండిని నెమ్మది చేయడం) మీదే వస్తే టెన్షన్ ఉండదు.

నిజంగా బండి తోలిన సంతోషం కావాలంటే మాత్రం బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతం వైపు వెళ్లే జీపు దారికి వెళ్లాలి. వదులు రాళ్లు, నిటారు ఎక్కుడు, దుమ్ము. ఫుట్‌పెగ్‌ల (పాదాలు ఆనించే కడ్డీలు) మీద నిలబడి, హ్యాండిల్‌ని బిగబట్టకుండా, చూపు కాస్త దూరంగా పెట్టి నడిపితే 190 మిల్లీమీటర్ల వరకు కిందికీ పైకీ ఆడే ముందు సస్పెన్షన్ చాలావరకు తనే చూసుకుంటుంది. ఎదురుగా జీపు వస్తే ఆగి దారి ఇవ్వండి, జీపు నడిపేవాళ్లకి అది బతుకుదెరువు.

లంబసింగికి చలి కోసం, తాజంగి రిజర్వాయర్ కోసం వెళ్లొచ్చు గానీ రైడింగ్ పరంగా అక్కడ కొత్తగా ఏమీ లేదు, రద్దీ కూడా ఎక్కువ. జి.మాడుగుల దగ్గరి కొత్తపల్లి జలపాతం దారిలోనే పడుతుంది, ఆగండి. నవంబర్, డిసెంబర్‌లో అరకు, పాడేరు చుట్టూ వలిసె (నూనెగింజల పంట) పూలు పసుపు పచ్చగా పరుచుకుంటాయి, ఆ పొలాల్లోకి మాత్రం బండి దించొద్దు. పైరు తొక్కి ఫొటోలు తీసుకునేవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

బస సంగతి. లంబసింగి దగ్గర ఒక టెంట్ క్యాంప్‌లో రాత్రంతా స్పీకర్లు మోగాయి, దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, బాత్రూమ్‌కి వరుసలో నిలబడాలి, తీసుకున్న డబ్బుకి అది అన్యాయం. పాడేరులో మామూలు లాడ్జి గదే నాకు నచ్చింది: వేడినీళ్లు, కిటికీలోంచి కనపడేలా బండి పార్కింగ్, పొద్దున్నే వేడి ఇడ్లీ. కుటుంబంతో వస్తే అరకులోనో అనంతగిరిలోనో ఏపీ టూరిజం హరిత రిసార్ట్‌లు చూడండి, శీతాకాలం వారాంతాలకి చాలా ముందే బుక్ చేసుకోవాలి.

పెట్రోల్ పాడేరు, చింతపల్లి, అరకుల్లో దొరుకుతుంది. ట్యాంకు 13 లీటర్లు కాబట్టి బంకు కనపడ్డప్పుడు నింపుకుంటే చాలు. లోపలి ఊళ్లలో సిగ్నల్ ఉండదు, ఫోన్ పేమెంట్ నమ్ముకోకుండా చిల్లర పెట్టుకోండి. టైర్లు ట్యూబువి, పంక్చర్ వేసేవాళ్లు దొరుకుతారు గానీ 21 అంగుళాల ట్యూబ్ వాళ్ల దగ్గర ఉంటుందని నమ్మకం లేదు, ఒకటి వెంట తీసుకెళ్లండి. తిరిగొచ్చాక ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించి, చైన్‌కి లూబ్ కొట్టి, స్పోకులు వదులయ్యాయేమో చూడమని మెకానిక్‌కి గట్టిగా చెప్పండి, మామూలు సర్వీస్‌లో స్పోకుల జోలికి ఎవరూ పోరు.