ఒకే స్ట్రాటోకాస్టర్, మూడు ధరలు: ఎంతదాకా పెట్టవచ్చు?

ఫెండర్ సంస్థ 1954లో విడుదల చేసిన స్ట్రాటోకాస్టర్ గిటార్ ఆకారం ఈ డెబ్బై ఏళ్లలో పెద్దగా మారలేదు. ఆ ఒక్క ఆకారాన్నే ఆ సంస్థ ఇవాళ ఇరవై, పాతిక వేల రూపాయల నుంచి నాలుగు లక్షలు దాటేదాకా రకరకాల ధరలకు అమ్ముతోంది. వీటిలో నేను పోల్చి చూసినవి మూడు: ఇండోనేషియాలో తయారయ్యే స్క్వైయర్ క్లాసిక్ వైబ్, మెక్సికోలోని ఎన్సెనాడాలో తయారయ్యే ప్లేయర్ 2, కాలిఫోర్నియాలోని కరోనా పట్టణంలో తయారయ్యే అమెరికన్ ప్రొఫెషనల్ 2. మన దుకాణాల్లో మొదటిది అరలక్షకు కాస్త అటూ ఇటూగా, రెండోది లక్షకు దగ్గరగా, మూడోది రెండు లక్షల చుట్టుపక్కల దొరుకుతాయి. మూడింటికీ ఒకే మందం తీగలు వేయించి, ఒకే యాంప్లిఫయర్‌కు కలిపి వాయించిన తరువాత ఏర్పడిన అభిప్రాయం ఇది.

ముందుగా ధ్వని సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువ ధర పెట్టేవారిలో చాలామంది ధ్వని కోసమే పెడుతున్నామని నమ్ముతారు. వీణకు పనస చెక్క ఎంత ముఖ్యమో ఎలక్ట్రిక్ గిటార్‌కు దాని బాడీ చెక్క అంత ముఖ్యం కాదు. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగను వేల చుట్లు చుట్టి చేసిన భాగం. దాని పైన ఉక్కు తీగ కంపించినప్పుడు ఆ చుట్టలో పుట్టే విద్యుత్తే స్పీకర్ దాకా వెళ్లి మనకు వినిపిస్తుంది. కాబట్టి పికప్ తీరు, అది తీగకు ఎంత దగ్గరగా ఉంది, యాంప్లిఫయర్, స్పీకర్ అనే నాలుగు విషయాలే ధ్వనిని ప్రధానంగా నిర్ణయిస్తాయి. చెక్క ప్రభావం ఉంటే ఉండవచ్చు గానీ, దాని కోసం లక్ష రూపాయలు అదనంగా పెట్టమని నేను ఎవరికీ చెప్పలేను.

క్లాసిక్ వైబ్‌లో ఉన్నవి కూడా ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం) అయస్కాంతాల పికప్‌లే. డిస్టార్షన్ (ధ్వనిని కావాలని గరుకుగా మార్చడం) లేకుండా, నెక్ (గిటార్ మెడలాంటి పొడవాటి భాగం) దగ్గరి పికప్ మీద నెమ్మదిగా కార్డ్స్ వాయిస్తే అమెరికన్ గిటార్‌లో కింది స్థాయి తీగలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా వినిపిస్తాయి. ఈ తేడా నిజమైనదే. డ్రమ్స్, బేస్, కీబోర్డ్ తోడయ్యాక మాత్రం ఏ గిటార్ మోగుతోందో కళ్లు మూసుకుని చెప్పగలనన్న ధీమా నాకు లేదు. వాల్యూమ్ తగ్గించినా ధ్వనిలోని పదును పోకుండా ఉంచే ఏర్పాటు అమెరికన్ ప్రొఫెషనల్ 2లో ఉంది, అది వేదిక మీద బాగా ఉపయోగపడుతుంది కూడా. అయితే దాని వెనక ఉన్నవి ఒక చిన్న కెపాసిటర్, ఒక రెసిస్టర్ మాత్రమే. సోల్డరింగ్ తెలిసిన మెకానిక్ ఎవరైనా చవక గిటార్‌లోనూ వాటిని కొద్ది ఖర్చుతో అమర్చగలడు.

ధర చేతికి తెలిసేది నెక్ మీద. అమెరికన్ గిటార్‌లో ఫింగర్‌బోర్డు (నెక్ మీద వేళ్లతో తీగలను నొక్కే పలక) అంచులను కొద్దిగా గుండ్రంగా అరగదీస్తారు. అందువల్ల కొత్త గిటార్ కూడా ఏళ్ల తరబడి వాయించినదానిలా అరచేతిలో ఒదుగుతుంది. 2024లో వచ్చిన ప్లేయర్ 2కు కూడా ఫెండర్ ఈ సౌకర్యాన్ని ఇచ్చింది. నా దృష్టిలో రెండు లక్షల గిటార్ కొనడానికి ఉన్న బలమైన కారణాల్లో ఒకటి అక్కడితో తగ్గిపోయింది. ఫ్రెట్‌ల (వీణ మీద ఉండేలాంటి లోహపు మెట్ల) చివరలు ఎంత నున్నగా ఉన్నాయో చూడటానికి నెక్ అంచు వెంబడి వేలిని పైనుంచి కిందికి జార్చి చూడాలి: ఎక్కడైనా గోరుకు తట్టుకుంటే పని పూర్తి కాలేదని అర్థం. గమకాలు పలికించేవారికి ఇది మరీ ముఖ్యం. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించి చూపించిన తరువాత, ఫ్రెట్‌లున్న విద్యుత్ వాద్యం మన సంగీతానికి పనికిరాదని అనేవారు తగ్గిపోయారు. అయితే తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపేటప్పుడు ఫ్రెట్ గరుకుగా ఉంటే ఆ గరుకు వేలికీ తెలుస్తుంది, చెవికీ తెలుస్తుంది.

శ్రుతి నిలవడం గురించి ఒక అపోహ ఉంది. శ్రుతి తప్పుతోందంటే చాలామంది ముందుగా తీగలు బిగించే కీల మీద నింద వేస్తారు. నిజానికి ఎక్కువసార్లు తప్పు నట్‌లో, అంటే నెక్ పైచివర తీగలు ఆనే గాళ్ల పట్టీలో ఉంటుంది. మూడో తీగను బిగిస్తున్నప్పుడు ‘టిక్’ మని చిన్న శబ్దం వచ్చి, స్వరం ఒక్కసారిగా పైకి గెంతితే, తీగ నట్ గాడిలో ఇరుక్కుని వదులుతోందన్నమాట. గాడిని సన్నటి ఆకురాయితో సరిచేసి, కాస్త గ్రాఫైట్ పొడి రాస్తే చాలావరకు కుదురుకుంటుంది. ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ) సరిచేయడం, తీగల ఎత్తు తగ్గించడం, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ మీదా శ్రుతి సరిగ్గా పలకడం) చూడటం కూడా కలిపి మంచి పనివాడు చేసే సెటప్‌కు అయ్యేది కొద్ది వేల రూపాయలే. సెటప్ చేయించిన క్లాసిక్ వైబ్, సెటప్ లేకుండా పెట్టెలోంచి తీసిన అమెరికన్ గిటార్ కంటే హాయిగా మోగుతుంది. ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పగలిగే మాట ఇదొక్కటే.

ధర ఎక్కువైనంత మాత్రాన మన వాతావరణం నుంచి రక్షణ దొరకదు. హైదరాబాదు ఎండాకాలంలో ఫింగర్‌బోర్డు చెక్క తేమ కోల్పోయి కుంచించుకుపోతే, ఏ ధర గిటార్‌కైనా ఫ్రెట్‌ల చివరలు బయటికి పొడుచుకొస్తాయి. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. ఇక ఆ ఫింగర్‌బోర్డులకు వాడే రోజ్‌వుడ్‌లో చాలా భాగం మన దక్షిణ భారతపు చెట్లదే కావడం విచిత్రం: ఇక్కడి చెక్క సముద్రాలు దాటి వెళ్లి, గిటార్ రూపంలో దిగుమతి సుంకంతో, జీఎస్టీతో సహా మళ్లీ మన దగ్గరికే వస్తుంది. రోజ్‌వుడ్ రవాణా మీద 2017లో అంతర్జాతీయ ఆంక్షలు రావడంతో ఫెండర్ కొన్నేళ్ల పాటు మెక్సికో గిటార్లకు పావ్ ఫెర్రో చెక్క వాడింది. పూర్తయిన వాద్యాలకు 2019లో మినహాయింపు దొరికింది. పావ్ ఫెర్రోతో వచ్చిన గిటార్లు ఇప్పుడు పాతవాటిగా చవగ్గా దొరుకుతున్నాయి, వాటిని వదులుకోనక్కరలేదు.

అలాగని ఖరీదైన గిటార్ వృథా అని నేను అనడం లేదు. వారానికి నాలుగైదు రాత్రులు వేదికల మీద వాయించేవారికి, స్టూడియోలో గంట లెక్కన పనిచేసేవారికి అమెరికన్ ప్రొఫెషనల్ 2 తగిన గిటారే. నెక్ బాడీతో కలిసే చోట చెక్కను వంపుగా తొలిచినందువల్ల పై స్థాయి ఫ్రెట్‌లకు చేయి సులువుగా అందుతుంది. ట్రెమొలో (కడ్డీతో ఊపి స్వరాన్ని వంచే బ్రిడ్జ్) కింద బరువైన ఉక్కు బ్లాక్ ఉంది. మళ్లీ అమ్మినా విలువ మరీ పడిపోదు. ఇంట్లో సాయంత్రాలు వాయించుకునేవారు మాత్రం అదే రెండు లక్షలతో ప్లేయర్ 2 కొని, సెటప్ చేయించి, మిగిలిన సొమ్ముతో మంచి యాంప్లిఫయర్ తెచ్చుకుంటే తేడా పక్కింటివారికి కూడా తెలుస్తుంది. అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఆ తేడా తెలియకపోవడమే మేలు కాబట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వీలున్న డిజిటల్ యాంప్ చాలు.

పేరున్న వాద్యకారుల గిటార్లను చూపించి ఖరీదును సమర్థించడం నాకు ఒప్పుకోవాలనిపించదు. క్వీన్ బృందంలోని బ్రయన్ మే జీవితమంతా వాయించిన గిటార్‌ను తండ్రితో కలిసి 1960లలో ఇంట్లోనే తయారుచేసుకున్నాడు. దాని నెక్‌కు వాడిన చెక్క ఒక పాత పొయ్యిగూటి చట్రంలోది. పింక్ ఫ్లాయిడ్ బృందంలోని డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 2019లో వేలంలో 39.75 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది గానీ, అది 1970లో న్యూయార్క్ దుకాణంలో కొన్న మామూలు ఫ్యాక్టరీ గిటారే. ఫెండర్‌లోని ఖరీదైన ప్రత్యేక విభాగమైన కస్టమ్ షాప్‌వారు కావాలని గీతలు పెట్టి, రంగు గీకి, పాతదానిలా చేసి అమ్మే గిటార్ల మీద నాకు ఏ మాత్రం మోజు లేదు. ఆ గీతలు మనమే పెట్టుకోవచ్చు.

అమెరికన్ గిటారే కావాలనుకుంటే పాతది వెతకడం మంచిది. చూడవలసినవి కొన్నే: మొదటి మూడు ఫ్రెట్‌ల మీద తీగల కింద పడిన గుంతలు ఎంత లోతుగా ఉన్నాయి, ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతోందా లేక చివరిదాకా బిగిసిపోయిందా, వెనక సీరియల్ నంబరు చెదరకుండా ఉందా అన్నవి. పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించి ఉండే ముందరి పలక) విప్పి చూపించమని అమ్మేవారిని నిస్సంకోచంగా అడగాలి, ఎందుకంటే అసలు పికప్‌లు తీసి విడిగా అమ్ముకుని, వాటి స్థానంలో చవకవి పెట్టి, పూర్తి ధర చెప్పేవారూ ఉన్నారు.